కొత్తది కుడికాలికి

మా బావ ఒకచోట కూర్చుని భోజనం చేయగా నేను చూడలేదు. కంచం చేత్తో పట్టుకుని వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వీధి గుమ్మంలోకి తిరుగుతూ తింటాడు. మా అక్కను అడగడానికి మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు అమ్మ వేసిన కుర్చీ అలాగే ఉండిపోయింది, మనిషి మాత్రం గదంతా తిరిగాడు. "అరికాళ్ళలో చక్రాలున్న మనిషే, ఆలోచించుకో" అని అమ్మ అక్కను హెచ్చరించింది. ఆలోచించుకునే అలవాటు మా అక్కకు మొదటినుంచీ లేదు.

కూర్చుని చేసే ఉద్యోగాలన్నీ అతణ్ణి ఒకదాని తర్వాత ఒకటి వదిలించుకున్నాయి. ఆఫీసులో గుమాస్తాగా పెడితే కాగితం చేతిలోకి రాగానే లేచి నడిచేవాడు. సినిమా హాల్లో టికెట్లమ్మే గదిలో పెడితే జనం కిటికీ దగ్గర ఉండగా అతను గది బయట ఉండేవాడు. చివరికి నేనే మా బూట్ల కంపెనీలో చెప్పి చూశాను. అక్కడ అతనికి దొరికిన పని వింటే ఎవరూ నమ్మరు. నడవడమే ఉద్యోగం.

మా కంపెనీ పరుగు బూట్లు చేస్తుంది. మెత్తటి బొద్దు అడుగు, వెడల్పాటి ముక్కు, చూడటానికి ఉబ్బిన బన్నులా ఉండేవి. పరుగెత్తేవాళ్ళు కొనేవారు, ఆ తర్వాత రోజంతా నిలువుకాళ్ళ మీద ఉండే నర్సులు, కండక్టర్లు, వంటవాళ్ళు కొనేవారు. అందం కోసం వాటిని కొన్నవాళ్ళు లేరు. కొత్త రకం ఏది చేసినా ముందు ఒకే సైజులో నమూనా కుడతారు. ఆ సైజుకు అచ్చంగా సరిపోయిన పాదాలు బావవి. అతను వాటిని తొడుక్కుని ఊరంతా తిరిగొచ్చి ఎక్కడ కరుస్తోందో, ఎక్కడ జారుతోందో చెప్పాలి. అతను సరేనన్నాకే పెద్ద ఎత్తున అచ్చులు పోస్తారు. అచ్చంటే పాదం ఆకారంలో ఉండే దిమ్మ, దాని మీదే బూటు బిగించి తయారుచేస్తారు. నేను బూటు పైభాగం కుట్టే మిషన్ మీద ఉంటాను. నేను కుట్టినదాన్ని అతను తొక్కుతాడు. మా చుట్టరికానికి తగ్గ ఏర్పాటే అది.

పనిలో అతనికో పద్ధతి ఉంది. పాతది ఎడమకాలికి, కొత్తది కుడికాలికి. ఏనాడూ జత తొడగలేదు. "జత తొడుక్కుంటే రెండు కాళ్ళూ కలిసి ఒకే అబద్ధం చెప్తాయి. ఒకదాన్ని ఒకటి వేలెత్తి చూపిస్తేనే నిజం బయటికొస్తుంది" అనేవాడు. అందుకని ఒక కాలు బూడిదరంగులో, ఒక కాలు నారింజరంగులో వీధులన్నీ కొలిచేవాడు. మిగిలిన ఒంటి బూట్లు డబ్బాల్లోనే ఉండిపోయి మంచం కింద చేరేవి. ఊడ్చేటప్పుడల్లా అక్క వాటిని ఇటునుంచి అటు జరిపేది. పక్కింటావిడ నన్ను ఆపి, మీ బావకు కళ్ళు సరిగా కనబడవా అని మెల్లగా అడిగింది కూడా.

రైల్వే స్టేషన్ మెట్ల దగ్గర సాయంత్రాలు కొందరు కుర్రాళ్ళూ అమ్మాయిలూ డాన్స్ చేస్తుంటారు. వాళ్ళ ముందునుంచి బావ రోజూ పోతాడు, వస్తాడు. ఒకరోజు వాళ్ళు దారికడ్డంగా నిలబడి, "అన్నా, ఇవెక్కడ దొరుకుతాయి?" అనడిగారు.

"ఇలా జతగా దొరకవు" అన్నాడు బావ నిజాయితీగా.

అంతకంటే ఊరించే మాట మరొకటి ఉండదు. వాళ్ళు తలా ఒక జత కొని, ఒకరి బూటు ఒకరు మార్చుకుని, లేసులు కట్టకుండా వదిలేసి డాన్స్ చేశారు. ఎవరో ఫోన్లో తీసి పెట్టారు. దాన్ని చూసి ఇంకెవరో, వాళ్ళను చూసి పాటలు పాడే ఒక అబ్బాయి స్టేజీ మీద, అలా అలా పోయింది. వెర్రి వెయ్యి విధాలంటారు, వెయ్యిన్నొకటోది మా ఇంటి గుమ్మంలోంచి బయల్దేరింది. కొన్నాళ్ళకు షాపు తెరవకముందే బయట వరుస కట్టారు జనం. కంపెనీవాళ్ళు డబ్బాలోనే రెండు రంగులు పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. మేము కుట్టింది కుట్టినట్టే పోయేది, మా నడుములు కూడా దాంతోపాటే పోయాయి.

బావకు మొదట ఏనుగెక్కినంత సంబరం. మెట్ల దగ్గర వాళ్ళు చెయ్యెత్తి పలకరిస్తే తిరిగి చెయ్యెత్తేవాడు. తర్వాత దిగులు పట్టుకుంది. వరుసలో నిలబడ్డ ఒకమ్మాయి దగ్గరికెళ్ళి, "వీటితో రోజుకెంత దూరం నడుస్తావమ్మా?" అని అడిగాడట.

"ఇవి నడవడానికి కాదంకుల్" అందట ఆ పిల్ల ఎంతో మర్యాదగా.

ఆ రాత్రి అతను ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. నడవడానికి కాకపోతే ఎందుకు, తలమీద పెట్టుకోవడానికా అని అక్కను అడిగాడు, నన్ను అడిగాడు, చివరికి గోడనడిగాడు. పక్కింటావిడను కూడా అడిగేవాడే, అక్క తలుపేసింది.

అలాంటి సమయంలో కంపెనీ కొత్త రకం మొదలుపెట్టింది. వీధిలో వేసుకునేవాళ్ళకూ పరుగెత్తేవాళ్ళకూ ఒకే అచ్చు, పైన హంగులు మాత్రం వేరు. నమూనా బావ కుడికాలికెక్కింది. తిరిగొచ్చి, చిటికెనవేలి దగ్గర నొక్కుతోందన్నాడు. డిజైన్లు వేసే మేడమ్ అచ్చు వెడల్పు చేయించింది. మళ్ళీ నొక్కుతోందన్నాడు. మళ్ళీ వెడల్పు చేయించింది. "ఎడమకాలికున్న పాతది ఎంత హాయిగా ఉందో చూడండి, దీనికేం రోగం?" అని ఆవిడ ముందే రెండు కాళ్ళూ చాపి చూపించాడు. మూడోసారికి సరేనన్నాడు. బూట్లు కొద్దిగా చేసి బజార్లో వదిలారు. నచ్చితే పెద్ద ఎత్తున అచ్చులు పోద్దామని.

వీధి కుర్రకారుకు అవి తెగ నచ్చాయి. వదులుగా, ఓడల్లాగా, లేసులు కట్టకుండా ఈడ్చుకుంటూ పోవచ్చు. పరుగెత్తేవాళ్ళు మాత్రం తిప్పి పంపడం మొదలుపెట్టారు. మడమ జారుతోందట. మా అక్క హాస్పిటల్లో నర్సు, పొద్దుటినుంచి వార్డులో నడుస్తూనే ఉంటుంది. ఆవిడా అదే మాట అంది.

"కాలు నిలవడం లేదండీ ఇందులో. మెట్లు దిగేటప్పుడు భయంగా ఉంది."

"నువ్వు కాలు ఈడుస్తావు. ఎత్తి వెయ్యి" అన్నాడు బావ, నడుస్తూనే.

ఆవిడ మళ్ళీ చెప్పింది. ఈసారి లేసు బిగించి కట్టుకోమన్నాడు. ఊళ్ళోవాళ్ళందరి కాళ్ళ తరఫునా మాట్లాడే మనిషి, సొంత పెళ్ళాం కాలు చెప్పేది మాత్రం వినలేదు. నాకు ఒళ్ళుమండినా, మొగుడూపెళ్ళాల మధ్య ఎందుకని ఊరుకున్నాను.

ఆ వారమే అక్క హాస్పిటల్ మెట్ల మీద పడింది. మందుల ట్రేతో దిగుతుంటే మడమ బూట్లోంచి లేచి వచ్చేసిందట. చీలమండ వాచి గుమ్మడికాయంత అయింది. కట్టు కట్టించి ఇంటికి తెచ్చి పడుకోబెట్టాం. బావ మంచం చుట్టూ తిరుగుతున్నాడు. ఆ బూటు తీసి అటూ ఇటూ తిప్పి చూసి, నాకేసి చూపించి అన్నాడు:

"ఇదిగో, మడమ దగ్గర కుట్టు వదులుంది. మీ సెక్షన్లో ఈమధ్య మరీ హడావిడిగా లాగించేస్తున్నారు."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పడింది మా అక్క, తప్పు నా కుట్టుదా? అప్పటిదాకా పట్టుకున్న నోరు ఇంక పట్టుకోలేదు నేను. మంచం కింద చెయ్యిపెట్టి ఒక డబ్బా లాగాను. అందులో కొత్తరకం ఎడమది, ఎవరూ తొడగని ఒంటి బూటు, కాగితాల్లో చుట్టినట్టే ఉంది.

"తొడుక్కో బావా."

"అది ఎడమది."

"నీకు ఎడమకాలు లేదా? తొడుక్కో."

విసుక్కుంటూ తొడుక్కున్నాడు. లేసు కట్టాడు, ఇంకా బిగించి కట్టాడు. రెండడుగులు వేశాడు, మడమ లేచిపోయింది. మూడో అడుగుకు బూటు నేలమీద ఉండిపోయి కాలొక్కటే ముందుకెళ్ళింది. నేను ఇంకో డబ్బాలోంచి పాతరకం కుడిది తీసిచ్చాను. అందులోకి కాలు దూరడానికే కష్టపడింది.

వెడల్పు చేయకముందు అచ్చు బాగానే ఉంది. మారింది మా బావ కుడికాలు. ఎందుకు వెడల్పయిందో డాక్టర్లే చెప్పాలి. అన్నేళ్ళు కొత్తవాటితో అన్నిటితోనూ పోట్లాడింది ఆ ఒక్క కాలే కదా, సాగిపోయిందేమో అని నా ఊహ. జత తొడిగుంటే మొదటిరోజే తెలిసేది. అతని పద్ధతే అతని కళ్ళు కప్పింది.

బావ నిలబడ్డాడు. నిజంగా, కదలకుండా నిలబడ్డాడు. చూడటానికి భయమేసింది నాకు.

పెద్ద ఎత్తున అచ్చులు మర్నాడే పోస్తారు. అతను నోరు విప్పకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. వీధివాళ్ళకు వదులే ముద్దు. నోరు విప్పితే ఉద్యోగం ఉండదు, సైజు తప్పిన కాలుతో ఆ పని ఎవరూ చేయించుకోరు. కూర్చునే ఉద్యోగం తప్ప ఇంకేదీ దొరకని వయసొచ్చింది అతనికి. అతను మళ్ళీ నడవడం మొదలుపెట్టాడు, హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి. అక్క కళ్ళు మూసుకుని ఉందిగానీ నిద్రపోలేదని నాకు తెలుసు. నేను మేడమీది నా గదిలోకి వెళ్ళి పడుకున్నాను. కింద అడుగులు వినబడుతూనే ఉన్నాయి. చెప్పు బావా అని మనసులో అనుకుంటూనే ఉన్నాను, చెప్పకు అని కూడా అనుకున్నాను. అబద్ధమెందుకు, రెండూ అనుకున్నాను.

పొద్దున్నే వెళ్ళి మేడమ్‌తో చెప్పేశాడు. నా మిషన్ పక్క గదే ఆవిడది, మాటలు వినబడ్డాయి.

"కాలు మారిందండీ. అచ్చుది కాదు తప్పు. పాతదే ఉంచండి."

ఆవిడ నెమ్మదిగానే చెప్పింది. వీధివాళ్ళు వేసుకునేదాన్ని ఇలాగే ఉంచుతారట, అదే అమ్ముడుపోతోంది కాబట్టి. పరుగు బూటుకు మాత్రం పాత అచ్చుకే తిరిగెళ్తారట. "మీకు ఇంకో పని చూడనా? షోరూంలో కూర్చుంటే చాలు. మిమ్మల్ని చూడటానికి కుర్రాళ్ళు వస్తారు" అంది. ఆవిడ మంచికే చెప్పింది.

"నన్ను చూడటమెందుకండీ" అని బయటికొచ్చేశాడు బావ.

మధ్యాహ్నం సెలవు పెట్టి నేను ఇంటికొచ్చేసరికి అతను అప్పుడే గుమ్మంలోకి వస్తున్నాడు. ఇంతసేపూ ఎక్కడ తిరిగాడో నేనడగలేదు. అక్క మంచంమీద దిండుకానుకుని ఉంది.

"పని పోయింది" అన్నాడు ఆవిడతో.

"పోనీండి" అంది అక్క. "కూర్చోండి కాస్త."

నాకు నవ్వొచ్చింది, ఎవరితో చెప్తోందీ మాట అని. కానీ బావ కుర్చీ లాక్కుని మంచం పక్కనే కూర్చున్నాడు. కట్టు కట్టిన పాదాన్ని రెండు చేతులతో ఎత్తి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. అతని మడమ ఒకటి కుర్చీ కింద ఇంకా టకటకా ఆడుతూనే ఉంది, దాన్ని రెండో కాలితో తొక్కిపట్టాడు.

"ఎక్కడ జారిందో చెప్పు."

"చెప్పానుగా అప్పుడే. రెండుసార్లు చెప్పాను."

"నేను వినలేదు. మళ్ళీ చెప్పు."

అక్క నాకేసి చూసింది. నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. అక్క చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ దగ్గర చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, అన్నీ బూట్ల గురించి కాదు. ఆ నీళ్ళు మరిగి ఇగిరిపోయేదాకా చెప్తూనే ఉంది, అవతల కుర్చీ కదిలిన చప్పుడు లేదు.