తనవి కాని చెప్పులు

అశోక్‌నగర్‌లో మా హాస్టల్లో నేను తప్ప అందరూ గ్రూప్స్‌కి చదువుతున్నవాళ్లే. ఎంబీబీఎస్ అయ్యాక ముసలివాళ్ల వైద్యంలో ఎం.డి. చేస్తున్నానని చెబితే హాస్టల్ నడిపే ఆంటీ కాసేపు ఆలోచించింది.

"ముసలోళ్లకు వేరే డాక్టర్ ఎందుకమ్మా? జర గట్టిగ మాట్లాడితె సాలు కదా."

నేను గట్టిగా మాట్లాడలేను. ఎవరైనా "ఏంటి?" అని అడిగితే రెండోసారి ఇంకా మెల్లగా చెబుతాను. ఈ చదువు నాకు సరిపడదేమోనని ఆ రోజు అనుమానం వచ్చింది.

నారాయణగూడలో మా ఆసుపత్రికి ఒక పొద్దున చిక్కడపల్లి నుంచి ఒక పెద్దాయన వచ్చారు, కోడల్ని వెంటబెట్టుకుని. ఆడిట్ ఆఫీసులో పనిచేసి ఎప్పుడో రిటైరయ్యారు. రోజూ పొద్దున్నే గ్రంథాలయానికి ఒక్కరే నడిచివెళ్లి, అక్కడున్న పేపర్లన్నీ చదివి మధ్యాహ్నానికి ఇల్లు చేరతారు. ఈ మధ్య దారిలో తరచూ పడిపోతున్నారు. ఎముకలేవీ విరగలేదు.

"ఒక్కరే బయటికి పోవద్దని మీరే రాసియ్యండి మేడం," అంది కోడలు మా ప్రొఫెసర్‌తో. "నేను జెప్తె కోడలు కట్టేసిందంటరు."

"రాస్తే మధ్యాహ్నం దాకా ఈవిడతో కూర్చుని సీరియళ్లు చూడాలి," అన్నారాయన. "దానికేమైనా మందుందా?"

"చూసేటప్పుడు కథ మీరే అడుగుతరు కదా మామయ్యా."

"అర్థంకాక అడుగుతాను."

పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూశాను. సరిగానే ఉంది. వేసుకునే మాత్రల్లో తప్పు దొరకలేదు. కళ్లకు ఆపరేషన్ అయింది, చూపు బాగుంది. చివరికి నడక పరీక్ష. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవాలి, గోడదాకా నడవాలి, తిరిగొచ్చి కూర్చోవాలి. ఆయన నాకంటే చురుగ్గా చేశారు.

"కారణం దొరకలేదంటే మళ్లీ పడరని కాదు," అన్నారు మేడమ్ నాతో. "ఒంటరిగా బయటికి వెళ్లొద్దని రాసెయ్యి."

రాశాను. ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"పేపర్ ఇంటికే తెప్పిస్త మామయ్యా," అంది కోడలు.

"ఒకటి తెప్పిస్తావు. మిగతావాళ్లు ఏం రాశారో ఎలా తెలుస్తుంది?"

వ్యాయామం నేర్పే గది చూపించడానికి వాళ్లతో వరండాలోకి వచ్చాను. మా గది బయట చెప్పులు విడవాలని ఎక్కడా రాసి లేదు. అయినా అందరూ విడుస్తారు. నడవలేనివాళ్లు కూడా గోడ పట్టుకుని, కష్టపడి విడిచి మరీ వస్తారు. అందువల్ల అక్కడ పనిచేసే మేమెవరమూ పేషెంట్ల చెప్పులు ఎప్పుడూ చూడలేదు. పెద్దాయన తనవి తొడుక్కున్నారు. మడమ వెనక ఇంకొకరి వేళ్లు పట్టేంత జాగా మిగిలింది. వేళ్లతో చెప్పుల్ని బిగపట్టి ఈడ్చుకుంటూ బయల్దేరారు.

నేను వెనక్కి వెళ్లాను. లోపల అప్పటికే మరో పేషెంట్ ఉన్నారు. తలుపు దగ్గర నిలబడి చెప్పుల సంగతి చెప్పాను.

"ఏంటి?" అన్నారు మేడమ్.

మళ్లీ చెప్పాను.

"ఏంటమ్మా?"

వెళ్లి ఆవిడ మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. ప్రొఫెసర్ మోచెయ్యి పట్టుకోవచ్చో లేదో అప్పుడు తోచలేదు.

వరండాలో మళ్లీ నడిపించాం, ఈసారి చెప్పులతో. వెనక్కి తిరిగేచోట ఆయన తిరిగారు, ఎడమ చెప్పు తిరగలేదు. కోడలు పట్టుకుంది కాబట్టి సరిపోయింది.

"ఇవి మీ సైజు కాదు కదా?" అన్నారు మేడమ్.

"అసలు నావే కావండి. గుడి బయట విడిచిన నా చెప్పులు ఎవరో తొడుక్కెళ్లారు. అలాంటివే ఇవి మిగిలాయి. ప్రతి శనివారం వీటినే వేసుకెళ్లి అక్కడే విడుస్తున్నాను. ఆయన గుర్తుపడితే మార్చుకుంటాం."

"ఎప్పట్నించి?"

"దసరా ముందు నుంచి."

"నాకెందుకు జెప్పలే?" అంది కోడలు. "కొత్తవి కొనకపోదునా?"

"కొత్తవి కొంటే ఇవి దొంగిలించినట్టవుతుందమ్మా. ఇప్పుడైతే మార్పిడి కింద లెక్క."

మేడమ్ నవ్వలేదు. రెండు మందులు ఒకదానికొకటి పడనప్పుడు ఆలోచించినట్టే ఆలోచించారు.

"మీ సైజువి, వెనక పట్టీ ఉన్నవి కొనుక్కోండి. వీటిని శనివారం సంచిలో తీసుకెళ్లి గుడి బయట పెట్టండి. మీరు తొడుక్కోరు కాబట్టి అవి ఆయనవే."

"అది న్యాయంగానే ఉంది," అన్నారు పెద్దాయన.

"మళ్లా పడితెనో?" అంది కోడలు.

"నెల తర్వాత చూద్దాం. అందాకా వెళ్లనివ్వండి."

నేను రాసిన వాక్యం కొట్టేసి పక్కన సంతకం చేశాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, కొట్టేసిన చోటు సరిచూసుకున్నారు.

చెప్పులతోనే లోపలికి రమ్మని మేడమ్ మా తలుపుకి కాగితం అంటించమన్నారు. అంటించాను. పేషెంట్లు దాని కింద నిలబడి చదివి, చెప్పులు విడిచి లోపలికి వస్తున్నారు.

నెల కాకముందే ఒక ఉదయం చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ఆయన కనిపించారు. పట్టీ చెప్పులతో, ఒక్కరే, రోడ్డు దాటడానికి నిలబడి ఉన్నారు. నేనూ చాలాసేపట్నుంచి అందుకే నిలబడి ఉన్నాను. చెయ్యి పట్టుకోమంటారా అని అడుగుదామనుకుని, ఎలా మొదలుపెట్టాలో చూసుకుంటున్నాను. ఈలోపు ఆయన చెయ్యెత్తి రోడ్డు మీదికి దిగిపోయారు. బస్సు ఆగింది. వెనకే నేనూ దాటేశాను. ఆటోవాళ్లు ఆయన్నొక్కరినే తిట్టారు. ఆయన పట్టించుకోకుండా గ్రంథాలయం గేట్లోకి వెళ్లిపోయారు.