మ్యాపులో లేని వాగు

దయ్యాలను నేను నమ్మను. ఈ సంగతి జరగకముందూ నమ్మలేదు, జరిగాకా నమ్మలేదు. ఇది చదివి తాయెత్తు కట్టించుకోమని ఎవరైనా చెబితే వినను. ఆ మాట ముందే చెబుతున్నాను.

అనంతపురంలో నీటిపారుదల శాఖలో తొమ్మిదేళ్ళు ట్రేసర్‌గా పనిచేశాను. ఇంజనీర్లు గీసిన మ్యాపు మీద ట్రేసింగ్ కాగితం పరిచి, ఇంకుతో మక్కీకి మక్కీ దించడమే నా పని. ఉన్న గీత వదలకూడదు, లేని గీత పెట్టకూడదు. నా కాగితం ఒక్కటీ తప్పుందని తిరిగి రాలేదు.

రెండువేల సంవత్సరం ముందు వై2కే కంప్యూటర్ పనుల హడావుడిలో మా ఆయన రమణకు ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉద్యోగం వచ్చింది. ఊరి శివార్లలో కానింగ్ వేల్ అనే పేటలో అద్దెకు దిగాం. నన్ను మాత్రం ఎక్కడికి వెళ్ళినా "లోకల్ ఎక్స్‌పీరియెన్స్ లేదు" అని పంపించేశారు. చెయ్యి మొద్దుబారిపోతుందని భయం వేసింది. ఆదివారం సంతల్లో పాత మ్యాపులు కొనడం అలా మొదలైంది. అన్నీ పందొమ్మిదో శతాబ్దానివి. ఒక్కో మ్యాపులో తెల్లవాళ్ళ ఊళ్ళు, కంచెలు ఇంకాస్త లోపలికి జరిగి ఉండేవి. వాళ్ళు చేరని చోటంతా ఖాళీ తెలుపే. కొన్న ప్రతి మ్యాపునూ ట్రేస్ చేసేదాన్ని.

ఆరో మ్యాపుతో వచ్చింది చిక్కు. పొద్దున కిటికీ పక్కన బల్ల మీద మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించాను. రెండూ పక్కపక్కన పెట్టి సరిచూస్తే, ఖాళీగా ఉండాల్సిన చోట నా కాగితంలో ఒక వాగు ఉంది. మూడు వంపులు. రెండో వంపు దగ్గర చిన్న ఇంటూ గుర్తు. మా ఆఫీసులో బావికైనా గుంటకైనా సున్నా చుట్టేవాళ్ళం, ఆ గుర్తు నేనెప్పుడూ వాడలేదు. గీసిన జ్ఞాపకమే లేదు. భూతద్దం పెట్టి వెతికాను. అసలు మ్యాపులో అక్కడ మరక కూడా లేదు.

రమణ చూసి, "ఇంట్లో కూర్చుని టెన్షన్ పడుతున్నావ్ సుజీ, అంతే. మిస్టేక్ అయింది, చెరిపెయ్" అన్నాడు.

బ్లేడుతో గీకేయడం నిమిషం పని. మిస్టేక్ అన్న మాటే నాకు మింగుడుపడలేదు.

"వెళ్ళి చూద్దామండీ. అక్కడ ఏమీ లేకపోతే నేనే చెరిపేస్తా" అన్నాను.

శనివారం కారులో తూర్పుగా మూడు గంటలు వెళ్ళాం. నేనెప్పుడూ అటు వెళ్ళలేదు. ఇంట్లో ఉన్న రోడ్డు మ్యాపులో ఆ వాగు లేదు. పాత మ్యాపులోని గుట్ట నుంచి దూరం లెక్కేసుకుంటూ పోతే ఒక గోధుమ పొలం గేటు దగ్గర ఆగాల్సి వచ్చింది. పొలం యజమానురాలికి డెబ్భై ఏళ్ళుంటాయి. నా కాగితం చాలాసేపు చూసింది.

"ఎవరిచ్చారు నీకిది?" అంది.

నేనే గీశానన్నాను. ఇంకేమీ అడగకుండా మమ్మల్ని తన బండి ఎక్కించుకుంది.

గట్టు అంచుకు వచ్చేదాకా వాగు కనబడలేదు. ఎండిపోయి ఉంది. మూడు వంపులు. రెండో వంపులో పెద్ద బండ, దాని మీద పలకరాయి. ఆవిడా రమణా కలిసి పలకను పక్కకు జరిపారు. కింద బండలోనే లోతైన గుంట, నిండా నీళ్ళు.

"సర్వేవాళ్ళు గట్టు అవతలి నుంచే వెళ్ళిపోయారు. ఇక్కడి మూలవాసులు మా తాతకు చూపించారట. ఈ గుంట ఏ మ్యాపులోనూ లేదు" అందావిడ.

నేను మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళలో వేళ్ళు ముంచాను. భయం వేయలేదు. నేను తప్పు గీయలేదన్న ఒక్క మాటే మనసులో తిరిగింది.

తర్వాత తెలుగువాళ్ళొకరింట్లో బార్బీకి, అంటే పెరట్లో కాల్చుకు తినే విందుకు, వెళ్తే ఈ సంగతి బయటపడింది. "ఆ మ్యాపు ఎవరికైనా ఇచ్చెయ్యమ్మా, ఇంట్లో అట్లాంటివి సేఫ్ కాదు" అంది ఒక ఆంటీ.

"ఎందుకివ్వాలి ఆంటీ? నేను ఇవ్వను" అన్నాను. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది. నేనూ తగ్గలేదు.

రెండు నెలలకు ఒక సర్వే ఆఫీసువాళ్ళు నమూనా పని తెమ్మన్నారు. ఇదే తీసుకెళ్ళాను. అధికారి అసలు మ్యాపుతో పోల్చి, వాగు మీద వేలు పెట్టి, "ఇది ఇందులో లేదుగా?" అన్నాడు.

"నేల మీద ఉంది. వెళ్ళి చూసుకోండి" అన్నాను.

ఆ ఉద్యోగం రాలేదు. తర్వాతి చోటికీ ఇదే కాగితం తీసుకెళ్ళాను. వాళ్ళు నన్ను పనిలోకి తీసుకున్నారు.

ఆ పొద్దున నా చేతికి ఆ వాగు ఎలా తెలిసిందో ఈరోజుకీ చెప్పలేను. ఎవరో నా చెయ్యి పట్టి గీయించారంటే ఒప్పుకోను. పొరపాటంటే అసలే ఒప్పుకోను.