మార్చకుండా వదిలేసిన మాట

క్రిప్టో కాయిన్లు కొని అమ్ముకునేవాళ్లు మారుపేర్లతో కబుర్లాడుకునే గ్రూపు ఒకటుంది. ఎవరైనా చదవచ్చు. ఆవిడ పరిశోధకురాలు; రెండేళ్లుగా వాళ్ల మాటలు రాసుకుంటోంది. దొంగచాటుగా కాదు. ప్రతి సోమవారం తానెవరో చెప్పి, వద్దన్నవాళ్ల మాటలు తీసుకోనని గుర్తు చేసేది. అందుకని వాళ్లు ఆవిడకి సీసీ కెమెరా అక్క అని పేరు పెట్టారు. ఎవరైనా నోరు జారితే, అక్క చూస్తోంది, చొక్కా సర్దుకోండిరా అనేవారు.

ఆవిడ వృత్తిలో ఒక నియమం ఉంది. ఎవరి మాటనూ ఉన్నదున్నట్టు అచ్చేయకూడదు. భావం ఉంచి మాటలు మార్చాలి. లేకపోతే ఆ వాక్యం ఇంటర్నెట్‌లో కొడితే చాలు, తిన్నగా ఆ మనిషి ముందుకు తీసుకెళ్లి నిలబెడుతుంది. ఈ పాఠం విద్యార్థులకి చెప్పేది కూడా ఆవిడే.

ఆ పరిశోధన నివేదిక విడుదల రోజు, సభకి గంటన్నర ఉందనగా, తన ప్రతిని ముచ్చటగా తిరగేస్తూ ముప్ఫై ఒకటో పేజీ దగ్గర ఆగింది. అక్కడ చిల్లుజేబు అనే ఆయన మాట ఉంది: "లాభమొస్తే మా ఆవిడకి చెబుతా, నష్టమొస్తే మీకు చెబుతా."

అప్పట్లో దాన్ని నాలుగు రకాలుగా మార్చి చూసింది. ప్రతిసారీ ఉప్పు లేని కూరలా తయారైంది. రేపు చూద్దాంలే అనుకుంది. ఆ రేపు రానేలేదు.

ఫోన్లో ఆ వాక్యం కొట్టింది. మొట్టమొదటే చిల్లుజేబు ప్రత్యక్షమయ్యాడు, స్కూటర్ మీద ఫొటోతో సహా. ఇంటి పైకప్పు బాగుచేయించడానికి దాచిన డబ్బు పోగొట్టుకుని, భార్యకి ఇంకా చెప్పని మనిషి. సభకి విలేకరులు వస్తున్నారు. వాళ్లు శీర్షిక కోసం ఏరుకునేది ఇలాంటి మాటనే.

సభలో పంచాల్సిన అరవై ప్రతులున్న బైండింగ్ షాపుకి పరుగెత్తింది. మళ్లీ అచ్చేయాలంటే రేపటికే అవుతుందన్నది షాపావిడ.

"తప్పు మాదా మేడమ్?"

"నాదే."

ఆ మాటకి షాపావిడ మెత్తబడింది. రెండు నల్ల మార్కర్లు తెచ్చి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. పేజీ వెనక అట్టముక్క పెట్టడం, ఆ వాక్యం కనబడకుండా గీయడం. యాభై తొమ్మిది అయ్యాయి. అరవయ్యోది కనబడలేదు.

"అది పొద్దున్నే మీ పెద్దసారు పట్టుకెళ్లారుగా."

ఆవిడ సభకి చేరేసరికి ఆ ప్రతి ముందు వరుసలో ఒక విలేకరి ఒళ్లో ఉంది. ఆయన ఇరవై ఎనిమిదో పేజీలో ఉన్నాడు. ఆవిడ ఆయాసపడుతూనే, ఇందులో ఒక తప్పుంది, మార్చి వేరేది ఇస్తానంటూ చెయ్యి చాపింది. ఆయన పుస్తకం వదల్లేదు.

"ఏ పేజీలోనండీ?"

"చెబితే ఇంకో తప్పు చేసినదాన్ని అవుతాను. నేను విద్యార్థులకి నేర్పే నియమం నేనే తప్పాను. ఇచ్చేయండి."

వెనక వరుసలో ఆ విద్యార్థులే ఉన్నారు. ఎవరూ నవ్వలేదు, నవ్వినా బాగుండుననిపించింది. విలేకరి ఆవిడ మొహం చూసి, పుస్తకం మూసి ఇచ్చాడు.

సాయంత్రం చిల్లుజేబుకి విడిగా జరిగిందంతా రాసి, క్షమించమంది. చాలాసేపటికి జవాబొచ్చింది.

"బతికించావక్కా. ఇంట్లో చెబితే నేనే చెప్పాలి, పేపరు కాదు. ఇవాళే చెబుతా."

వెంటనే ఇంకోటి వచ్చింది. "ఇంతకీ నువ్వు మార్చి చూసిన నాలుగింట్లో ఒక్కటైనా బావుందా?"

"లేదు. అన్నీ చప్పగా ఉన్నాయి," అని ఉన్నమాటే రాసింది.

"అదీ నా మాటంటే," అన్నాడు చిల్లుజేబు.