కాలిన శ్లాబు కింద

మా అన్నయ్య మిర్చి గోడౌను తగలబడిందని తెలిసి, మూడో రోజు పొద్దున అద్దంకి వెళ్ళాను. ఇంజనీరింగ్ కాలేజీలో కాంక్రీటు గురించి పాఠాలు చెప్పుకునే నేను బస్సులో ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోయాను. ఆ శ్లాబులో పోసిన కంకర నా సలహా మరి.

పాత గోడౌను పడగొట్టినప్పుడు ఆ ముక్కల్నే మిషన్లో ఆడించి కొత్త శ్లాబుకు కంకరగా వాడమన్నాను. కొండలు తవ్వక్కర్లేకుండా మిగులుతాయని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. "మార్టూరు గ్రానైటు క్వారీలు పక్కనే పెట్టుకుని పాచి ముక్కలు పోయడమేంట్రా?" అన్నాడు అన్నయ్య. అయినా నా మాట కాదనలేక పోశాడు. ఇప్పుడు మంటల్లో ఏమైనా అయితే ఊరంతా ఆ ముక్కల్నే అంటుంది. నన్నూ అంటుంది.

వెళ్ళేసరికి గోడౌను ముందు ఘాటుకి కళ్ళు మండిపోతున్నాయి. అందరూ దగ్గుతూనే మాట్లాడుతున్నారు. పైకి చూస్తే నాకు ఒళ్ళు మండింది. కాలిన రోజు సాయంత్రమే, శ్లాబు ఇంకా పొగలు కక్కుతుండగా, దాన్ని పోసిన మేస్త్రీ పైన మట్టి గట్లు కట్టి మడుల నిండా నీళ్ళు పెట్టించాడట. కొత్త శ్లాబు నీళ్ళు తాగితేనే గట్టిపడుతుంది కదా, కాలినదానికీ అదే మందనుకున్నాడు పాపం. వేడి పెనం మీద నీళ్ళు కొడితే పగులుతుందని ఇంట్లో అందరికీ తెలుసు, శ్లాబు దగ్గరికొచ్చేసరికి ఎవరికీ గుర్తురాలేదు.

"ముందు ఆ నీళ్ళు తోడించండి" అని అరిచాను. మేస్త్రీ, ఇంకో ఇద్దరు బకెట్లు పట్టుకుని పైకెక్కారు.

అన్నయ్య తొందర అన్నయ్యది. కల్లాల్లో కాయ ఎండిపోయింది, మబ్బు పడుతోంది. ఆదివారం సున్నం కొట్టించి, సోమవారం నుంచి నలభై మంది ఆడవాళ్ళను ఆ శ్లాబు కింద కూర్చోబెట్టి తొడిమలు తీయించాలని చూస్తున్నాడు. "బాగానే ఉందని ఒక్క మాట చెప్పరా, చాలు" అన్నాడు.

చెప్పాలనే ఉంది నాకు, ఒట్టు. ల్యాబులో ఈ కంకర దిమ్మల్నీ కొత్త రాయి దిమ్మల్నీ పక్కపక్కనే ఫర్నేస్‌లో కాల్చి, ప్రెస్ కింద నలిపి చూసినవాణ్ణి. ఒక మాదిరి వేడి వరకు రెండూ ఇంచుమించు ఒకటే. బాగా వేడెక్కితే గ్రానైటు రాయే ఉబ్బి పగులుతుంది, పాత ముక్కలకు అంటుకున్న సిమెంటు లోపలి నీరు ఆవిరై వేరే గొడవ చేస్తుంది. కానీ ల్యాబులో దిమ్మలు తాపీగా చల్లారతాయి. వాటి మీద ఫైరింజన్ నీళ్ళు కొట్టదు, మేస్త్రీ మడులు కట్టడు.

శ్లాబు అడుగు ఎర్రగా కనిపించింది. "కారం దుమ్మురా అది, ఏటా ఉండేదే" అన్నాడు అన్నయ్య. బూజుకర్రకి తడిగుడ్డ చుట్టి, గుమ్మం దగ్గర నుంచే చెయ్యి చాపి తుడిచాను. గుడ్డకి కారం అంటింది. ఇంకోసారి తుడిచాను. ఇంకోసారి. గుడ్డ శుభ్రంగా వస్తోంది, కాంక్రీటు మాత్రం గులాబీ రంగులోనే ఉంది. బాగా కాలిన కాంక్రీటుకే వస్తుంది ఆ రంగు. నడిమధ్యలో అదీ పోయి బూడిద రంగు తేలింది. అంటే అక్కడ మరీ కాలింది. అయినా మళ్ళీ గుడ్డ తడిపాను, మళ్ళీ తుడిచాను, ఇంకేదైనా కారణం దొరుకుతుందేమోనని.

తొడిమలు తీసేవాళ్ళ ముఠాకి పెద్ద అయిన ముసలావిడ, పని ఎప్పుడో కనుక్కుందామని వచ్చి అరుగు మీద కూర్చుంది. కాసేపు నన్నే చూసింది.

"ఇందాకట్నుంచీ చూస్తన్నా బాబూ. అంతా గుమ్మంలోంచే తుడుస్తన్నారు. ఒక్కసారన్నా దాని కిందకి పోలేదేంటి?"

నిజమే. నాకు తెలియకుండానే నా కాళ్ళు గుమ్మం దాటలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. నోటికంటే ముందు కాళ్ళే నిజం చెప్పేశాయి.

"అన్నయ్యా, సున్నం వద్దు. ఎవర్నీ కూర్చోబెట్టొద్దు. ఇది పడగొట్టాల్సిందే" అన్నాను.

అన్నయ్య కంకర గురించి అడుగుతాడనుకున్నాను. మార్టూరు రాయైనా ఈ మంటకి, ఈ నీళ్ళకి ఆగేది కాదని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. తను అది అడగలేదు. పైకి చూశాడు.

"మరి వాళ్ళ ముగ్గుర్నీ ఎందుకెక్కించావురా?"

పైన బకెట్ల చప్పుడు ఇంకా వినిపిస్తోంది. ఎక్కమన్నది నేను. పొద్దుటి నుంచీ నేను చూసుకున్నది నా కంకరని.

"దిగండి, గోడ పక్కనుంచి, ఒక్కొక్కళ్ళే" అని కేకేశాను. అన్నయ్యే వెళ్ళి నిచ్చెన పట్టుకున్నాడు. మేస్త్రీ ఆఖర్న దిగి, తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ నా ముందుకొచ్చి, "నీళ్ళన్నీ తోడేశామండి, ఇక భయం లేదు కదా?" అని అడిగాడు.