గోడ అవతలికి మా ఇంటర్నెట్

గోపన్‌పల్లి దగ్గర ఒక శిక్షణ సంస్థలో ఇంటర్నెట్ చూసుకునే పని నాది. మా లైను పెద్దది, వాడకం చిన్నది. అది చూసి మా డైరెక్టరుగారికి జాలి పుట్టి, ఇటు పక్క డ్రైవర్ల సంఘం గదికీ, అటు పక్క అపార్ట్‌మెంట్ల సంక్షేమ సంఘానికీ గోడ మీంచి వైఫై ఇప్పించారు. పుణ్యం ఆయనకి, తిట్లు నాకు.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. డ్రైవర్లందరూ నల్గొండ, పాలమూరు వైపు వాళ్లు. అపార్ట్‌మెంట్ల సంఘం అధ్యక్షుడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డ్ ఇంజనీరు. నాది ఖమ్మం. కాబట్టి ఇద్దరికీ నా మీద అనుమానమే.

నెలనెలా పాస్‌వర్డ్ మార్చాలని మా రూలు. ఇద్దరికీ కలిపి ఒకటే పాస్‌వర్డ్, ఎంచుకునే వంతు ఒక నెల వీళ్లది, ఒక నెల వాళ్లది అన్నాను. ఆ దిక్కుమాలిన తెలివి నాకెందుకు పుట్టిందో మరి. మొదటి నెల డ్రైవర్ల లీడరు "జై తెలంగాణ" పెట్టించాడు.

"చూడమ్మా, అది నా చేత్తో నేను కొట్టను" అన్నారు అధ్యక్షుడుగారు. ఆ నెలంతా మెయిలు చూసుకోలేదు. మరుసటి నెల "సమైక్యాంధ్ర" పెట్టించారు. "గదేంది మేడం, గది మేం కొడ్తమా?" అని లీడరు కంప్యూటరు మీద గుడ్డ కప్పేశాడు. ఇలా నెలకొకరు ఉపవాసం. లైను మీద భారం తగ్గిందని డైరెక్టరుగారు మురిసిపోయారు.

ఒక బంద్ రోజు లీడరు కూతురు మా గేటు దగ్గరికి వచ్చింది. ఇంజనీరింగ్ సీటుకి వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆ సాయంత్రమే ఆఖరు. నెట్ సెంటర్లన్నీ మూసేశారు. బంద్ కాబట్టి బయటివాళ్లని మా సంస్థ లోపలికి రానివ్వరు. డ్రైవర్ల సంఘం గదిలో కంప్యూటరుంది గానీ, అది "సమైక్యాంధ్ర" నెల.

"నాన్న కొట్టనిస్తలేడు మేడం. అందరి ముంగట ఇజ్జత్ పోతదంటుండు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు ఒళ్లు మండింది. పిల్ల చదువు కన్నా ఇజ్జత్ ఎక్కువైందా ఈ మనిషికి?

నడి నెలలో మార్చాలంటే వంతు ఉన్నవాళ్లు ఒప్పుకోవాలి. పోట్లాటకి సిద్ధపడే అధ్యక్షుడుగారికి ఫోను చేశాను. పిల్ల సంగతి చెప్పాను.

"ఆడపిల్ల చదువు కదండీ. వాళ్లదే పెట్టేయండి. మావాళ్లకి మాత్రం చెప్పకండి" అన్నారు.

మార్చేసి గేటు దగ్గరికి వెళ్లేసరికి పిల్ల లేదు, తండ్రి పిలుచుకుపోయాడట. కాసేపటికి అతనే ఊగిపోతూ వచ్చాడు.

"బిడ్డ కోసమని అందర్ని బయటికి పంపి, గా ముక్క నా చేత్తోని కొట్టిన మేడం. మల్ల మల్ల కొట్టిన. అయినా నెట్ వస్తలేదు. నన్ను పరేషాన్ చేసుడు మీకు ఆటయిందా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మీదే కొట్టండి. అధ్యక్షుడుగారే మార్చమన్నారు" అన్నాను. మనిషి గదికేసి పరుగెత్తాడు.

చీకటి పడేలోపు పిల్ల ఆప్షన్లు పెట్టేసింది. సీటు వచ్చింది. ప్రభుత్వ కాలేజీలోనే, కానీ కాకినాడలో. ఆ ఇంట్లో ఎంత రభస జరిగిందో నాకు తెలియదు. ఒక పొద్దున లీడరు నన్ను తోడు తీసుకుని అపార్ట్‌మెంట్లకి వెళ్లి, అధ్యక్షుడుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, నా బిడ్డను మీ దిక్కు పంపుతున్న. ఎన్నడు ఇల్లు ఇడిసి ఉండలే. మీవోళ్లకు జర చెప్పుండ్రి."

ఆయన అక్కడే ఫోను తీసి, కాకినాడలో ఉన్న చెల్లెలికి కలిపారు.

"మన పిల్లొకటి వస్తోందే. మేడ మీద గది ఖాళీ చేయించు."