జైల్లో తమ్ముడి మాత్రలు

మా తమ్ముణ్ణి రిమాండుకు పంపిన మర్నాడే వాడి మాత్రల కవరు పట్టుకుని జైలుకు బయల్దేరాను. రాజాంలో బస్సెక్కినప్పటి నుంచి ఆ కవరును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూనే ఉన్నాను.

వాడిది ఎన్నో ఏళ్ల మానసిక జబ్బు. మాత్రలు వేసుకున్నంత కాలం బట్టల కొట్లో పని చేసుకుంటూ, ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తూ అందరిలాగే ఉండేవాడు. జబ్బు తగ్గిపోయిందనుకుని ఆ వేసవిలో మాత్రలు మానేశాడు. ఆమదాలవలస రైల్వే స్టేషను బయట టీ కొట్టాయన తన గ్లాసులో విషం కలిపాడని అనుమానించి రాయి విసిరాడు. ఆయన తలకు కుట్లు పడ్డాయి. కేసు పెట్టాడని ఆయన్ను నేనేమీ అనలేను.

గేటు దగ్గర వార్డరు కవరు తిప్పి చూసి నా చేతికే ఇచ్చేశాడు.

"బయట మందులు లోపలికి తీసుకోకూడదమ్మా. మా డాక్టరు సూసి రాయాల."

"ఆయన ఎప్పుడొస్తారు?"

"వస్తారు. వచ్చినప్పుడు సెప్తాను."

ములాకత్‌లో ఇనప జాలీకి అవతల తమ్ముడు, అక్కనైన నన్ను 'అప్పా, అప్పా' అని పిలుస్తూ ఒక్కచోట నిలబడలేకపోతున్నాడు. చుట్టుపక్కల అందరూ అరుచుకుంటూ మాట్లాడుతున్నారు. నేనూ అరిచే అడిగాను, నిద్రపడుతోందా అని.

"రేత్రంతా లైటు ఆర్పరప్పా. ఈళ్లందరూ నా గురించే మాటాడుకుంతన్నారు. నన్ను ఇంటికి అట్టికెల్లిపో."

ఆ వారంలోనే జైలు డాక్టరు చూసి, మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లమని రాశారు. చెప్పిన రోజున స్కూలుకు సెలవు పెట్టి పెద్దాసుపత్రికి వెళ్లాను. పిల్లలకు లెక్కలు చెప్పే మనిషిని, ఓపీ వరండాలో బెంచీకీ గేటుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఏ జీపు చప్పుడైనా వాడే అనుకున్నాను. ఓపీ మూసేశారు గానీ వాడు రాలేదు. జైలుకు ఫోను చేస్తే, "ఎస్కార్టు లేదమ్మా. అందర్నీ బందోబస్తుకేసినారు. మళ్లీ వారం సూద్దాం" అన్నారు.

మళ్లీ వారం తీసుకొచ్చారు. చేతికి బేడీ, దాని గొలుసు కానిస్టేబులు గుప్పిట్లో. వరండాలో జనం గోడకు ఒదిగిపోయారు. ఒకామె బిడ్డను ఒళ్లోకి లాక్కుంది. ఈడు నా తమ్ముడు, జబ్బు మనిషి అని కేకేసి చెప్పాలనిపించింది. వాళ్ల వెనకే డాక్టరమ్మ గదిలోకి నడిచాను.

డాక్టరమ్మ వాణ్ణి చూడగానే, "ముందు బేడీ తీయండి" అంది.

"పారిపోనాడంటే నా ఉద్యోగం పోతాది మేడమ్."

"తలుపు దగ్గర మీరే నిలబడండి."

కానిస్టేబులు నా వైపు ఓసారి చూసి తీశాడు. తమ్ముడు మణికట్టు రుద్దుకుంటూ, తలవంచుకుని ఆమె అడిగినవాటికి జవాబు చెప్పాడు. ఆమె రాసిన మందులు జైల్లోనే ఇస్తారన్నారు.

ఇక గండం గడిచిందనుకున్నాను. తర్వాతి ములాకత్‌లో అడిగితే వాడు ముఖం తిప్పేసుకున్నాడు.

"అందరి ముందూ పిలిసి ఇస్తారప్పా. 'పిచ్చోడా, నీ మందుబిళ్లొచ్చింది' అని నవ్వుతారు. నాలిక కింద ఎట్టుకుని ఊసేస్తన్నాను."

ఆ సాయంత్రం అమ్మ ప్రార్థనకు కూర్చోమంది. కళ్లు మూసుకుంటే వాడి నాలుక కింద కరుగుతున్న మాత్రే కనిపించింది. లేచి వీధిలోకి పోయాను.

నేను తర్వాత వెళ్లేసరికి వాడు నా కళ్లలోకి చూసి మాట్లాడాడు.

"సాలూరు లారీ డ్రైవరు మావొకడు మా బ్యారక్‌లోకొచ్చినాడప్పా. యాక్సిడెంటు కేసు. ఆడూ బీపీ బిళ్లలేసుకుంతాడు. 'ముందు నాను మింగుతాను, సూడు. తరవాత నువ్వు మింగు. ఎవుడు నవ్వుతాడో నాను సూస్తాను' అన్నాడు."

"మింగుతున్నావా మరి?"

"మావ పక్కనే నిలబడతాడు. ఎలా ఊస్తాను?"

కొంతకాలానికి తమ్ముడికి బెయిలు వచ్చింది. వాణ్ణి ఇంటికి చేర్చాక, ఆ డ్రైవరుకు ఒక్క మాట చెప్పాలని ములాకత్‌కు వెళ్లాను.

"నీకేటవుతాడు?" అన్నాడు వార్డరు.

"ఏమీ కాడు."

"అయితే కుదరదమ్మా."

మా తమ్ముడు మాత్రలు మానలేదని ఆయనకు చెప్పమని బతిమాలాను. సరేనన్నాడు. చెప్పాడో లేదో నాకు తెలియదు.

కేసు ఇంకా నడుస్తూనే ఉంది. వాయిదాలకు ఇద్దరం కలిసే వెళ్తాం. కోర్టు గేటు కనబడగానే, జనం తననే చూస్తారని వాడు నడక పెంచేస్తాడు. నేను పరుగులాంటి నడకతో వాడి పక్కకు చేరుకుంటాను.