అరచేతి కొలత

పెరంబూరులో రైలు పెట్టెల కార్ఖానాలో ముప్పై నాలుగేళ్లు ఇనుము చెక్కే లేత్ మీద పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడకూ నాకూ రోజూ గొడవే. ఆ బాధ పడలేక, నగరం బయట ట్రాక్ మీద జరిగే కార్టింగ్ పోటీల్లో ఇంజిన్లు తనిఖీ చేసే పనికి ఒప్పుకున్నాను. కార్ట్ అంటే నేలకు జానెడెత్తున పరిగెత్తే చిన్న రేసు బండి. ఒక తరగతిలో అందరికీ ఒకే రకం ఇంజిన్. ఎవరైనా గుట్టుగా సిలిండర్ లోపలి భాగం అరగదీసి వెడల్పు చేస్తే బండికి బలం పెరుగుతుంది. రేసు అయ్యాక ముందొచ్చిన ముగ్గురి ఇంజిన్లు విప్పించి, సిలిండర్ లోపలి వెడల్పును బోర్ గేజ్‌తో కొలిచి, హద్దు దాటితే ఫలితం రద్దు చేయడం నా పని.

ఆ పనిలో నాకు మొహమాటం లేదు. "వెంట్రుకలో సగం కూడా లేదు కదా సార్" అని ఎవరైనా నసిగితే, "అయితే అది నీ తల మీద ఉంచుకో, సిలిండర్లో ఎందుకు?" అనేవాణ్ణి. నా పేరు చెబితే మెకానిక్కులు హడలిపోయేవారు. నిజం చెప్పొద్దూ, అది నాకు బాగానే ఉండేది.

కొలిచే ముందు సిలిండర్ చల్లారాలి. లోహం వేడికి పెరుగుతుంది కాబట్టి, వేడి మీద కొలిస్తే సరైన సిలిండర్ కూడా హద్దు దాటినట్టు కనిపిస్తుంది. చల్లారిందని తెలుసుకోవడానికి కార్ఖానాలో మా మేస్త్రీ నేర్పిన పద్ధతి ఒకటుంది. అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టాలి. చెయ్యి తీయకుండా పది దాకా వస్తే కొలవొచ్చు. పోటీల నిర్వాహకులు నాకు ఒక థర్మామీటర్ ఇచ్చారు. దాని పెట్టె కూడా విప్పలేదు. ఇంత చెయ్యి ఉండగా ఆ బొమ్మ ఎందుకని నా ధీమా.

పోయిన మే నెలలో ఒక ఆదివారం, మా పెరంబూరు పిల్లే ఒకతె మొదట వచ్చింది. పదహారేళ్లుంటాయి. ఇంజిన్ పని అంతా వాళ్ల నాయనే చేస్తాడు. ఆ రేసు గెలిస్తే ఆమెకు దేశం మొత్తం పోటీకి చోటు దొరుకుతుంది. అందుకని తండ్రి కంటే ముందు తనే నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. సిలిండర్ పై మూత విప్పారు. నేను సిలిండర్ మీద చెయ్యి పెట్టి పది లెక్కపెట్టాను. ఆ పిల్ల కూడా పక్కన వేళ్లు ఆనించి, చటుక్కున తీసేసింది.

"సార్, ఇంగా కాలతా ఉండాది సార్. కొంచేపు ఆగండి."

"కొలిచేది నువ్వు నాకు నేర్పాల్నా?" అన్నాను.

గేజ్ ముల్లు హద్దు దాటింది. ఇరవై మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండదు. మళ్లీ కొలిచాను. అంతే వచ్చింది. రద్దు అని రాసి సంతకం పెట్టాను. తండ్రి "నేను అరగదీయలేదు సార్" అని ఒక్క మాట మాత్రం అని, కూతుర్ని తీసుకుని వ్యాన్ వైపు వెళ్లిపోయాడు. అభ్యంతరం చెప్పుకోవడానికి అరగంట గడువుంది. వాళ్లు చెప్పుకోలేదు. నా మాటకు ఎదురు లేదని వాళ్లకూ తెలుసు.

పోటీల పెద్ద షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే గుంటూరు మనిషి. ఇద్దరం టీకి వెళ్లాం. అప్పుడే పోసిన టీ. ఆయన గ్లాసును జేబురుమాలుతో పట్టుకుని ఊదుకుంటున్నాడు. నేను గుప్పెట్లో పట్టుకుని మాట్లాడుతున్నాను.

"మీకు చెయ్యి కాలట్లేదాండీ?" అన్నాడు.

లేదు. కాలట్లేదు. గ్లాసు కింద పెట్టి నా అరచెయ్యి చూసుకున్నాను. ముప్పై నాలుగేళ్లు ఇనుము పట్టి కాయలు కాసి, చర్మం మొద్దుబారిపోయింది. ఆ పిల్ల చెయ్యి ఎందుకు తీసేసిందో అప్పుడు తెలిసొచ్చింది.

"మళ్లీ కొలవాల," అన్నాను.

"ఇప్పుడెందుకండీ? ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. రెండోవాడు గెలిచాడని అక్కడ స్వీట్లు పంచుతున్నారు. మీరే తప్పంటే రేపట్నించి మీ మాట ఎవరు వింటారు?"

"వినకపోతే పోనీండి. మీరు ఫలితం మీద సంతకం పెట్టినారా?"

"ఇంకా లేదు."

"పెట్టొద్దు. నేను చేసింది తప్పేమోనని నేనే రాసిస్తా."

నిలబడే రాసిచ్చాను. వ్యాన్ కదలకముందే తండ్రినీ కూతుర్నీ వెనక్కి పిలిపించాం. ఫలితం ఖాయమయ్యేదాకా తిరిగివ్వం కాబట్టి సిలిండర్ సీలు వేసి బల్ల మీదే ఉంది. థర్మామీటర్ పెట్టె విప్పి, దాన్ని సిలిండర్‌కు ఆనించి, అది గాలి వేడికి దిగేదాకా కూర్చున్నాం. గంట పైనే పట్టింది. గెలిచామనుకున్నవాళ్లు వచ్చి అరిచారు. ముసలాడికి మతి పోయిందన్నారు. అననిచ్చాను. గేజ్ నేను ముట్టుకోలేదు, పోటీల పెద్ద చేతికే ఇచ్చాను. హద్దుకు లోపలే ఉంది, ఎనిమిది మైక్రాన్లు తక్కువగా.

గెలుపు ఆ పిల్లకు తిరిగొచ్చింది. నేను క్షమించమని అడిగాను. ఆమె తలూపింది కానీ నవ్వలేదు. తండ్రి ఇంజిన్ సర్దుకుంటూ, నా మొహం చూడకుండా అడిగాడు.

"ముందర రద్దు చేసినోళ్ల కత ఏంది సార్?"

ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. తెల్లారి పాత కాగితాలన్నీ తీశాను. సిలిండర్ వెడల్పు మీద నేను రద్దు చేసింది ఇంకొక్కణ్ణే, కిందటేడు తిరువొత్తియూరు కుర్రాణ్ణి. ఇరవై రెండు మైక్రాన్లు అని నా చేతిరాతే. ఆ తర్వాత అతను ట్రాక్ మీద కనబడలేదు. నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఇప్పుడు హార్బర్ దగ్గర పనికి పోతున్నాడట. జరిగిందంతా చెప్పాను.

"ఇంజిన్ ఉంటే తీసుకురా అబ్బయ్యా, చల్లగా ఉన్నప్పుడు అందరి ముందరా కొలుస్తా."

"అప్పుడే విప్పి అమ్మేసినాం సార్."

"అయితే నీది సరిగ్గా ఉండిందని నేను చూపించలేను. కానీ నువ్వు తప్పు చేసినావని అనే హక్కు నాకు లేదు. ఆ మాట కాగితం మీద రాసి నిర్వాహకులకు ఇస్తా."

అతను నా మాటకు అడ్డొచ్చాడు.

"కాగితం నాకొద్దు సార్. అరగదీయించింది నేనేనని మా నాయన ఇంగా అనుకుంటా ఉండాడు. ఒక సమచ్చరంగా నాతో సరిగ్గా మాట్లాడడు. ఈడే ఉండాడు, ఫోన్ ఇస్తా. ఆయనకి చెప్పండి."

ఫోన్ చేతులు మారిన చప్పుడు వినిపించింది. ఒక పెద్దాయన గొంతు "ఎవురూ?" అంది. నేను ఎవరో చెప్పి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.